గోపాలు మీద మూడు కేసులు

ఇల్లు తగలబడుతున్నప్పుడు తలుపు పగలగొట్టి లోపలికి దూరిన మనిషిని ఎందుకొచ్చావని ఎవరూ అడగరు. బీరువా ఎక్కడుందో చూపించి, నువ్వే కాపాడాలి నాయనా అని దండం పెడతారు. ఆ మనిషి ఎలాంటివాడో ముందుగా కనుక్కోవడం నా ఉద్యోగం. మద్రాసులో అగ్నిమాపక దళంలో చేరడానికి అర్జీ పెట్టుకున్నవాళ్ల నడవడిక విచారణ కాగితాలు 1951 నుంచి నా బల్ల మీదుగా పోయేవి. నేను ఏనాడూ నిప్పు ఆర్పలేదు. నిచ్చెన ఎక్కలేదు. గంట మోగినప్పుడు ఇంజన్లకు దారి వదిలి పక్కకు నిలబడటం ఒక్కటే నేను చేసిన సాహసం.

ఇప్పుడు ఈ పనిలో చేరుతున్న పిల్లలు నా దగ్గరికి వస్తే ఒకటే అడుగుతారు, మంచివాణ్ని ఎలా కనిపెట్టేవాళ్లమని. మేం మంచివాణ్ని కనిపెట్టేవాళ్లం కాదు. చెడ్డవాడని ఎక్కడైనా కాగితం ఉందేమో వెతికేవాళ్లం. ఈ రెండు పనులూ ఒకటి కాదని తెలియడానికి నాకు నాలుగేళ్లు పట్టింది. మీకు అంతకంటే తక్కువలో తెలిస్తే బాగుంటుందని ఇది రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతి రాయను. రెండు వచ్చాయి, రెండూ ఆలస్యంగా వచ్చాయి, అంతే.

పని ఎలా జరిగేది

పరుగు, బరువు, నిచ్చెన, ఈ మూడింటిలో నెగ్గినవాడి వివరాలు రాసి, అతను కాపురమున్న పేటలోని పోలీసు స్టేషనుకు పంపేవాళ్లం. వాళ్లు తమ దగ్గరున్న పాత కేసులు చూసి, ఒక కానిస్టేబుల్ని ఆ వీధికి పంపి, ఇరుగుపొరుగును విచారించి, జవాబు రాసి పంపాలి. ప్రతికూలంగా ఏమీ లేదని వస్తే శిక్షణకు పిలుపు వెళుతుంది. ఏదైనా ఉందని వస్తే అర్జీ పక్కకు పోతుంది. పక్కకు పోయిన అర్జీ మళ్లీ మధ్యకు రావడం నేను ఒక్కసారే చూశాను. ఆ సంగతే ఇది.

ముందు ఒక చిక్కు చెప్పాలి. ఎర్ర తలపాగా పెట్టుకున్న కానిస్టేబులు వీధి మొదట్లో నిలబడి, ఫలానావాడు ఈడ ఉన్నాడా అని అడిగితే, ఆ ఫలానావాడు అందరికీ ఇష్టమైనవాడైతే వీధి మొత్తం ఒకే మాట అనేది, అట్లాంటోడు ఈడ ఎవురూ లేరని. కాపాడుతున్నామని వాళ్ల నమ్మకం. అదే గిట్టనివాడైతే ఇల్లు చూపించి, బల్ల వేసి, మజ్జిగ ఇచ్చి, అతను మంచివాడే అని చెప్పి పంపేవాళ్లు. ఉద్యోగం వస్తే వీధి వదిలి పోతాడు గదా అని ఆశ. అందువల్ల మా కాగితాల్లో మంచివాళ్లు చాలామంది అసలు లేనివాళ్లు.

మా ఆఫీసరు రాఘవులు నాయుడు గారు. నిప్పులోకి దూరే మామూలు జవానుగా చేరి పైకి వచ్చినవాడు. ఎడమ చెవి కొస కాలిపోయి ఉండేది. మా ఇంటివాళ్లలాగే ఆయన వాళ్లూ తరాలుగా మద్రాసులో ఉన్న తెలుగువాళ్లు. కోపం వస్తే తమిళం, మరీ కోపం వస్తే ఇంగ్లీషు, మిగతా వేళల్లో తెలుగు.

"ఏమ్మా ఆండాళమ్మా, ఈ మనిషి ఆడ లేడని రాసినారే. మరి మొన్న మన నిచ్చెన ఎక్కింది దయ్యమా?" అన్నాడు ఒక రోజు.

"కాదండి. వీధివాళ్లు దాచారు."

"అట్లయితే నువ్వు పోయి చూసిరా. చీర కట్టుకున్నోళ్లను జూసి ఎవురూ పరిగెత్తరు."

అప్పటినుంచి అనుమానమున్న కాగితం వచ్చినప్పుడల్లా నేను వెళ్లేదాన్ని. వీధి కొళాయికి నీళ్లు వచ్చే వేళ తెలుసుకుని, ఆఫీసు బిందె పట్టుకుని వరసలో నిలబడేదాన్ని. మంచివాడా అని అడగడం తెలివితక్కువతనం. దానికి ఎవరైనా అవుననే అంటారు. నేను అడిగేది ఒకటే, ఈ వీధిలో నిప్పంటుకుంటే ముందు ఎవరిని పిలుస్తారని. ఆ ప్రశ్నకు ఆడవాళ్లు ఆలోచించకుండా జవాబు చెబుతారు. ఎవరిని పిలవరో కూడా చెబుతారు.

కాగితాన్ని ఒక్కదాన్నే నమ్మితే ఏమవుతుందో నేను చేరకముందే ఆఫీసుకు తెలుసు. ఒకతనికి పోలీసు జవాబు శుభ్రంగా వచ్చిందట. ముగ్గురు పెద్దమనుషులు నడవడిక సర్టిఫికెట్లు కూడా ఇచ్చారట. సౌకార్‌పేటలో ఒక ఇల్లు అంటుకున్నప్పుడు ఆ మనిషి కుంటుతూ బయటికి వచ్చాడు. పాపం కాలికి దెబ్బ తగిలిందని స్ట్రెచరు మీద పడుకోబెట్టి, నలుగురూ జాగ్రత్తగా బూటు విప్పితే, లోపల వెండి కుంకుమ భరిణె ఉంది. ఇంటావిడ అక్కడే నిలబడి ఉంది. దెబ్బ ఏమీ లేదని డాక్టరు కూడా రాశాడు.

గోపాలు

1955లో వచ్చిన అర్జీల్లో గోపాలుది ఒకటి. సౌకార్‌పేటలో గుడ్డల గోడౌనులో బేళ్లు మోసే పని. తండ్రిదీ అదే పని. బేళ్లు మోసేవాళ్లకు మెడ ముందు పోతుంది, మనిషి తరవాత పోతాడు. గోపాలు తండ్రి ఆ వరసలోనే పోయాడు. తల్లి మునెమ్మ, కొడుకు, ఇద్దరే.

నిచ్చెన పరీక్షలో మనిషికి బదులు ఇసుక మూట భుజం మీద వేసుకుని దిగాలి. దిగాక అందరూ మూటను కింద పడేస్తారు. గోపాలు ఒక మోకాలు నేలకానించి, మూటను మెల్లగా పడుకోబెట్టి, లేచి నిలబడ్డాడు. నాయుడు గారు ఆ రోజంతా ఎవరు కనబడితే వాళ్లకు చెప్పాడు. "నిద్రపోయే బిడ్డను దించినట్టు దించినాడయ్యా. ఇసుకనే అట్లా దించేవాడు మనిషిని పడేస్తాడా?"

ఆగస్టులో శిక్షణ మొదలు. ఆ తరవాతి బ్యాచి ఏడాదికి గాని రాదు. అప్పటికి గోపాలుకు వయసు దాటిపోతుంది. అంటే ఇది పోతే అతనికి ఇక మా గేటు లేదు. మళ్లీ బేళ్లే.

పోలీసు జవాబు వచ్చింది. గోపాలు మీద మూడు కేసులు. మూడూ మద్యనిషేధం కింద, సారా సీసాతో దొరికినవి. మూడుసార్లూ కోర్టులో నేరం ఒప్పుకుని జరిమానా కట్టాడు.

నాయుడు గారు కాగితం చదివి కాసేపు చెవి కొస రుద్దుకున్నాడు. గోపాలును పిలిపించాడు.

"నీ మీద కేసు ఏదన్నా ఉందా?"

"లేదు సార్."

"సారాయి?"

"లేదు సార్. ఆ వాసనే నాకు పడదు."

"బాగా జ్ఞాపకం తెచ్చుకో. కోర్టు, జడ్జి, జరిమానా?"

"కోర్టు ఏ పక్క ఉండాదో కూడా తెలీదు సార్."

అతను వెళ్లాక నాయుడు గారు నా వైపు చూశాడు. కేసు ఉంటే తీసుకోకూడదని ఒక రూలు. కేసు దాచిపెడితే తీసుకోకూడదని ఇంకొక రూలు. గోపాలు రెండింటికీ సరిపోయాడు. అబద్ధమాడేవాళ్లను నేను చాలామందిని చూశాను. వాళ్లు మాట్లాడేటప్పుడు మన ముఖంలోకి ఎక్కువసేపు చూస్తారు. గోపాలు గోడ మీది గడియారం వంక చూస్తున్నాడు, గోడౌనుకు ఆలస్యమవుతుందని. నేను బిందె తీసుకున్నాను.

కొళాయి దగ్గర

వీధి పేరు రాయను. సౌకార్‌పేట నుంచి నడిచి వెళ్లగలిగేంత దూరం. తమిళం తెలుగు కలిసిన వీధి. నా ముందు చెంగమ్మ అనే పెద్దావిడ రెండు బిందెలతో నిలబడి ఉంది. నా ప్రశ్న నేనడిగాను.

"నిప్పంటుకుంటేనా? ఇంకెవుర్ని పిలస్తాం, గోపాలునే. పోయిన ఎండల్లో ఆ చివర గుడిసె అంటుకుంటే గోనెసంచి తడుపుకోని వాడేగద పైకెక్కింది. నువ్వు ఏ ఇల్లు? కొత్తగా వచ్చినావా?"

"చుట్టపుచూపుగా వచ్చానక్కా. ఆ గోపాలు మీద సారాయి కేసులున్నాయని విన్నానే?"

వరసలో ఉన్నవాళ్లంతా ఒక్కసారిగా నవ్వారు. ఒకామె చేతిలో బిందె జారి మోగింది.

"గోపాలుకా? వాడు సోడా తాగినా ముక్కు మూసుకుంటాడు మా!"

"మరి మూడు కేసులు?"

"అవి గోపాలువి కాదు. గోపాలు పేరువి," అంది చెంగమ్మ, ఇది కూడా తెలియదా అన్నట్టు. "మా ఇంటాయన పేరుకు రెండు ఉండాయి. ఆయన పోయి ఆరేళ్లాయె, అవి మాత్రం పోలే."

వరసలోవాళ్లు తలా ఒక మాట చెబితే అక్కడే నాకు సంగతి అర్థమయింది. మీకూ అర్థమయ్యేట్టు రాస్తాను. మద్యనిషేధం ఉన్న రోజులు. స్టేషనుకు నెలనెలా కొన్ని కేసులు చూపించాలి. దొంగసారా అమ్మేవాడికి వ్యాపారం ఆగకూడదు. అందుకని అమ్మేవాడే ఒక మనిషికి ఒక సీసా ఇచ్చి, చెప్పిన మూలలో నిలబెడతాడు. పోలీసులు వచ్చి పట్టుకుంటారు. ఆ మనిషి కోర్టులో నేరం ఒప్పుకుంటాడు. జరిమానా అమ్మేవాడు కడతాడు. అందరి పనీ అయిపోతుంది. ఆ పేటలో ఇలా పట్టుబడటమే జీవనంగా ఉన్న మనిషి ఏకాంబరం.

అయితే ఒకే పేరు మీద మళ్లీ మళ్లీ కేసు వస్తే జరిమానాతో పోదు, జైలు పడుతుంది. కోర్టువాళ్లు చూసేది ముఖాన్ని కాదు, పేరును, అదీ వెనకటి ఏడాది వరకే తిరగేస్తారు. అందుకని ఏకాంబరానికి ప్రతిసారీ ఏడాదిగా ఏ మచ్చా లేని పేరు కావాలి. ఊహించి చెప్పిన పేరైతే ఇల్లు లేదని తేలుతుంది. నిజమైన ఇల్లు, నిజమైన మనిషి, శుభ్రమైన పేరు కావాలి. కాబట్టి ఇంటికి ఏడాదికొకసారి, వంతులవారీగా, ఆ వీధి ఏకాంబరానికి పేర్లు అరువిచ్చేది. ఏ ఇంట్లో మగవాడు బుద్ధిమంతుడో ఆ ఇంటి వంతు తప్పకుండా వచ్చేది. కొళాయి దగ్గర నిలబడి లెక్క వేస్తే, వీధిలో కేసులు లేనివాళ్లు ఇద్దరే తేలారు. ఇద్దరూ పేరుమోసిన రౌడీలు.

మునెమ్మ

గోపాలు తల్లి చేటలో బియ్యం చెరుగుతూ కూర్చుని ఉంది. నేను ఏ ఆఫీసు నుంచి వచ్చానో ఈసారి దాచలేదు.

"అవునమ్మా, ఇచ్చినా," అంది. "మా ఇంటి వంతు చిత్తిర నెలలో. ఏకాంబరం మామ వచ్చి, తలుపు బయటే నిలబడి, అమ్మాయీ, ఈసారి పిల్లోడి పేరు వాడుకోనా అంటాడు. సరి మామా అంటా. ఆయనుండగా ఆయన పేరు ఇచ్చేవాళ్లం. ఆయన పోయినాక పిల్లోడిది."

"గోపాలుకు తెలుసా?"

"మగోళ్లకు చెప్తే గలాటా చేస్తారు. పేరేగదమ్మా అడిగినాడు. బియ్యమా, దుడ్డా? పక్కింటోళ్లు ఇస్తా ఉంటే మనం ఇయ్యమంటే ఏమనుకుంటారు?"

"ఆ పేరు మీద కేసులున్నాయని మీ అబ్బాయిని మా దగ్గర తీసుకోరు మునెమ్మా. ఈసారి పోతే వయసు దాటిపోతుంది. ఇంకెప్పుడూ తీసుకోరు."

ఆమె చేట ఆపింది. బియ్యంలో ఒక రాయి కనబడింది కాబోలు, తీసి పారేసింది. తరవాత లేచి కొంగు దోపుకుంది.

"యాడికి?"

"మామ దగ్గరికి. పేరు వెనక్కి ఇచ్చెయ్యమని అడగతా."

బిందె ఎత్తుకుని ఆమె వెంటే నడిచాను.

ఏకాంబరం

అరవై దాటిన మనిషి. ఉతికిన పంచె, గీసిన గడ్డం. గోడకు ఒక తెల్లచొక్కా వేలాడదీసి ఉంది. అది కోర్టుకు మాత్రమే వేసుకునేదని తరవాత తెలిసింది. మునెమ్మ ఏడుస్తూ చెప్పింది, ఆయన చివరిదాకా విన్నాడు.

"అయ్యో తల్లీ. పిల్లోడు గవర్నమెంటు పనికి పోతాడని ముందే చెప్పుంటే నేను ఆ ఇంటి పక్కకే వచ్చుండను గదా," అన్నాడు. నా వైపు తిరిగాడు. "నేను అందరి పేర్లూ వాడను మా. దొంగతనం, పెండ్లాన్ని కొట్టేది, అట్లాంటి ఇంటి జోలికే పోను. జడ్జిగారి ముందర చెప్పే పేరు. శుద్ధంగా ఉండాల. అడక్కుండా ఒక్కరి పేరూ తీసుకోలే."

"ఆ మూడు కేసుల్లో పట్టుబడింది మీరేనని కోర్టుకు వచ్చి చెబుతారా?"

ఆయన వెంటనే ఒప్పుకుంటాడని నేను అనుకోలేదు. ఒప్పుకున్నాడు.

"చెప్తా. ఆ మూడే చెప్పాల్నా, అన్నీ చెప్పాల్నా?"

"మూడు చెబితే మిగతావి వాళ్లే అడుగుతారు."

"అదేమా తొందరవు, అదే చిక్కు. నేను లోపలికి పోతే పోతా, ఆడా కూడు పెడతారు. పేరు ఎవురిచ్చినారంటే ఏం జెప్పేది? ఈ మునెమ్మ ఇచ్చిందనా? వీధంతా ఇచ్చిందనా?"

మునెమ్మ ఏడుపు ఆపేసింది. తను కూడా నేరం చేసిందని ఆమెకు అప్పుడే తెలిసింది. నేను బిందె పట్టుకుని ఆఫీసుకు తిరిగి వచ్చాను. ఆ రోజుకు ఆఫీసు నీళ్లు నేనే తెచ్చానని ఆఫీసు జవానుతో చెప్పాను.

నాయుడు గారు చేసిన పని

నాయుడు గారు అంతా విని, ముందు తమిళంలో, తరవాత ఇంగ్లీషులో మాట్లాడాడు. అవి ఇక్కడ రాయక్కరలేదు. తరవాత తెలుగులోకి వచ్చి, "ఆ మూడు కేసుల్లోనూ పట్టుకున్న హెడ్డు ఎవురో వాణ్ని రమ్మను," అన్నాడు.

హెడ్ కానిస్టేబులు వచ్చాడు. మైదానంలో ఆ ఏడు అర్జీ పెట్టినవాళ్లను వరసగా నిలబెట్టారు. గోపాలు మధ్యలో ఉన్నాడు.

"మూడుసార్లు పట్టుకున్నావు గదా, ఆ గోపాలు వీళ్లల్లో ఉండాడా చూడు," అన్నాడు నాయుడు గారు.

హెడ్డు వరస ఈ కొస నుంచి ఆ కొస వరకు నడిచాడు. మళ్లీ వెనక్కి నడిచాడు. తలపాగా కింద చెమట కారుతోంది. ఉన్నాడంటే కోర్టులో ప్రమాణం మీద చూపించాల్సి వస్తుంది. లేడంటే మరి ఎవరిని పట్టుకున్నావని అడుగుతారు. పాపం అతనికీ పిల్లలు ఉండి ఉంటారు.

"లేడు సార్," అన్నాడు చివరికి.

"బాగా చూడు. ఎండగా ఉండాది."

"లేడు సార్."

"సరి. రాసిచ్చి పో. ఇంక నేనేం అడగను."

అతను రాసిచ్చి, నీళ్లు కూడా తాగకుండా పోయాడు. సగం పని అయింది. మిగిలిన సగం నాయుడు గారు అప్పటికే ఆలోచించి పెట్టుకున్నాడు. అదే పేరున్న మరొకడెవడో ఆ వీధి చిరునామా ఇచ్చాడని, అతనెవరో తనకు తెలియదని గోపాలు ఒక సంతకం పెడితే చాలు. ఫైలు మూసేయవచ్చు.

గోపాలును లోపలికి పిలిచాడు. అప్పటికి తల్లి అతనికి అంతా చెప్పేసింది. ముఖం చూస్తేనే తెలిసిపోయింది.

"ఆ మనిషి ఎవరో నాకు తెలీదని రాసి సంతకం పెట్టు."

గోపాలు కలం పట్టుకున్నాడు. పెట్టలేదు.

"నాకు తెల్సు సార్."

"తెల్సినా తెలీదని రాయి నాయనా."

"తెల్సు గద సార్. ఎట్లా రాసేది?"

"అట్లయితే ఆ పేరు రాయి."

"రాయను సార్."

"ఎందుకు రాయవు?"

"ఆయన మా అమ్మనడిగి తీసుకున్నాడు. ఆమె ఇచ్చింది. ఇచ్చినాక పోలీసులకు పట్టిస్తే ఏం బాగుంటాది సార్?"

నాయుడు గారు బల్ల మీద అరచేత్తో కొట్టాడు. "ఏమ్మా ఆండాళమ్మా! నిజం జెప్పడు, అబద్ధం జెప్పడు! వీణ్ని పెట్టుకోని నేనేం జేసేది? నువ్వన్నా చెప్పు వీడికి బుద్ధి!"

అబద్ధం రాయమని చెప్పడం నాకు చేతకాదు. ఇంట్లో కూడా ఆ విషయంలో నాకు మంచిపేరు లేదు. కాగితం తీసుకుని రెండు వాక్యాలు రాశాను. 'ఆ మూడు కేసుల్లో శిక్షపడిన మనిషిని నేను కాను. ఆ మనిషి ఎవరో నాకు తెలుసు, కానీ చెప్పను.' గోపాలు చదువుకుని, పెద్ద అక్షరాలతో తన చేత్తో మళ్లీ రాసి, సంతకం పెట్టి, నాయుడు గారి ముందు పెట్టాడు.

ఆయన చదివాడు.

"చెప్పను అని గవర్నమెంటుకు రాస్తే వాళ్లేమంటారమ్మా?"

"ఏమంటారో తెలియదండి. అబద్ధమని మాత్రం అనలేరు."

ఆయన లేచి కిటికీ దగ్గరికి వెళ్లాడు. గోపాలు నిలబడే ఉన్నాడు. బయట ఎవరో నీళ్ల గొట్టాలు ఎండబెడుతున్నారు. నాకు ఆ నిమిషంలో తెలిసింది, ఈ పిల్లవాడు ఆగస్టులో బూట్లు వేసుకుంటాడా, మళ్లీ బేళ్ల కింద తల పెడతాడా అన్నది 'చెప్పను' అన్న ఆ ఒక్క మాట మీద ఉందని. గోపాలు ఆ మాటను కొట్టేయడానికి చెయ్యి చాపలేదు.

"నిప్పార్పడానికి ఇంట్లోకి పోతే ఏమేమి కనబడతాయో నీకు తెల్సునా అమ్మా?" అన్నాడు నాయుడు గారు కిటికీ వైపే తిరిగి. "పరుపు కింద దాచిన బంగారం, మొగుడికి తెలీని చుట్టం, మిద్దె మీద సారాయి పీపాలు. అన్నీ కనబడతాయి. బయటికొచ్చి టీ కొట్టులో వాగినోళ్లను ఇద్దర్ని నేను పంపించేసినా. సర్టిఫికెట్లు బాగుండినాయి ఇద్దరికీ."

తిరిగి వచ్చి, గోపాలు రాసిన దాని కింద 'సమ్మతం' అని రాసి సంతకం పెట్టాడు.

"ఏడో తేదీ వచ్చి చేరు," అన్నాడు. "వచ్చే ముందర మీ అమ్మకు చెప్పు, ఇంకెవురికీ ఏమీ అరువియ్యొద్దని. జల్లెడ కూడా."

ఇది రూలు ప్రకారం సరైన పద్ధతా అని మీరు అడగవచ్చు. కాదు. నేరం చేసిన మనిషి ఎవరో తెలిసీ ఇద్దరు గవర్నమెంటు ఉద్యోగులు ఊరుకున్నారు. మా పని నేరస్థుణ్ని పట్టుకోవడం కాదని నాయుడు గారు అనేవాడు. ఆ మాట కొంతవరకే నిజం. నేను చెప్పగలిగేది ఇంతే. పోలీసు జవాబు మీ చేతికి వచ్చినప్పుడు, అది ఒక పేరు గురించి వచ్చిన జవాబని గుర్తుంచుకోండి. ఆ పేరు గల మనిషి బయట బెంచీ మీద కూర్చుని ఉంటాడు. అతన్ని కూడా చూడండి. వీలైతే అతని వీధి కొళాయినీ చూడండి.

ఆ తరవాత

గోపాలు ఆగస్టులో చేరాడు. పనిలో ఎలాంటివాడంటే, అతని గురించి మళ్లీ నా బల్ల మీదకు ఏ కాగితమూ రాలేదు. మా ఆఫీసులో అంతకంటే పెద్ద మెప్పు లేదు.

మునెమ్మ ఊరుకోలేదు. కొళాయి దగ్గర నిలబడి, పేరు ఇస్తే పిల్లలకు గవర్నమెంటు పని రాదని ప్రతి ఇంటికీ చెప్పింది. వారం తిరగకుండా వీధిలో వంతులు ఆగిపోయాయి. ఏకాంబరం తలుపు బయట నిలబడి అడిగితే, మర్యాదగా కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి, పేరు మాత్రం లేదు మామా అన్నారట. వేరే వీధికి వెళ్లి తెలియని వాళ్ల పేర్లు దొంగిలించడం ఆయనకు రాదు. సారా అమ్మేవాడు కొన్ని నెలలు ఓపిక పట్టాడు గాని ఆ తరవాత ఊరుకోలేదు, ఏకాంబరం వాడి కూడు తింటున్నాడు గదా.

మరుసటి ఏడు వేసవిలో ఒక మధ్యాహ్నం ఆయన మా ఆఫీసు గుమ్మంలోకి వచ్చి నన్ను చూడాలన్నాడు. ఆ తెల్లచొక్కా వేసుకుని ఉన్నాడు. కుర్చీ వేసి కాఫీ తెప్పించాను. కాఫీ తాగి, గ్లాసు బల్ల మీద మరక పడకుండా కింద నేల మీద పెట్టాడు.

"ఈ పొద్దు కోర్టుకు పోయినా మా," అన్నాడు. "జడ్జిగారు పేరడిగినాడు. ఏ పేరూ లేదు. నాదే చెప్పినా."

"ఏకాంబరం అనా?"

"ఆ. గుమాస్తా పాతవి తిరగేసినాడు. ఏకాంబరం మీద ఒక్కటీ లేదన్నాడు. మొదటి నేరమని జడ్జిగారు మెత్తగా మందలించి జరిమానా వేసినాడు. ఈ వయసులో ఇదేం బుద్ధి అన్నాడు." ఆయన పంచె కొంగుతో ముఖం తుడుచుకున్నాడు. "ఇన్నేళ్లు ఆ పేరు ఎవురికీ ఇయ్యలే. నేనూ వాడలే. మా నాయన పెట్టిన పేరు."

జరిమానా కట్టారా అని అడిగాను. ఎప్పటిలాగే సారా అమ్మేవాడు కట్టాడన్నాడు.

"ఒకటి అడగాలని వచ్చినా మా. నాకు వయసుండి, నేను మీకు అర్జీ పెట్టినాననుకో. నిన్న అయితే తీసుకొని ఉంటారా?"

"కేసు లేదు గదా. నిచ్చెన ఎక్కగలిగితే తీసుకునేవాళ్లం."

"ఈ పొద్దు?"

ఆయన నా ముఖం వంకే చూస్తున్నాడు. రూలు నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. తీసుకుంటామని చెప్పడం తేలిక. అర్జీ లేదు, వయసు లేదు, ఎవరికీ నష్టం లేదు.

"తీసుకోమండి," అన్నాను. "కేసు ఉంది."

ఆయన తల ఊపాడు. "అట్లనే ఉండాల," అని లేచి, చొక్కా పైగుండీ పెట్టుకుని, గోపాలు డ్రిల్లు చేస్తున్న వైపు పోకుండా, రెండో గేటు గుండా వెళ్లిపోయాడు.